బోధన్ నుంచి ఒక ప్రతినిధి

నిజామాబాద్ వెళ్ళొచ్చానని చెబితే మా ఖమ్మంలో అందరూ ముందు అడిగిన మాట ఒకటే: పసుపు తెచ్చావా అని. తెచ్చాను, ప్యాంటు మీద. ఆ సంగతి తర్వాత చెబుతాను.

నేను వెళ్ళింది పసుపు కోసం కాదు. మా పార్టీ జాతీయ మహాసభకు మన రాష్ట్రం నుంచి వెళ్ళే ప్రతినిధుల ఎన్నిక జరిపించడానికి. పార్టీ పేరు చెప్పను. చెప్పకపోయినా నష్టం లేదు, చదివేవారు తమకు తెలిసిన ఏ పార్టీ పేరైనా పెట్టుకోవచ్చు, కథ ఎక్కడా చెడదు.

మా నిబంధనల పుస్తకంలో ఈ వ్యవహారం చాలా చక్కగా రాసి ఉంటుంది. రెండు మూడు మండలాలు కలిపితే ఒక బ్లాకు. బ్లాకులో సభ్యత్వ రసీదు ఉన్నవాళ్ళంతా ఒకచోట చేరి, రహస్య ఓటుతో ఒక ప్రతినిధిని ఎన్నుకోవాలి. రసీదు ఉన్న ఎవరైనా పోటీ చేయవచ్చు. పక్షపాతం లేకుండా ఉండడానికి ఎన్నికల అధికారి వేరే జిల్లా మనిషై ఉండాలి. అలా నిజామాబాద్ జిల్లాలో రెండు బ్లాకులు, మాక్లూర్, బోధన్, నా వంతుకు వచ్చాయి. నేను సబ్ పోస్టుమాస్టరుగా రిటైరైనవాణ్ణి. అంతకు ముందు నుంచీ మా ఇంట్లో అందరిదీ ఆ పార్టీయే. నాకు పార్టీ ఇచ్చిన మొదటి పదవి ఇదే. దాని గడువు నాలుగు రోజులు.

నిజామాబాద్: చాయ్, సంతకం

స్టేషన్‌లో దిగేసరికి జిల్లా కార్యదర్శి రాజన్న శాలువాతో ఎదురొచ్చాడు. నాకంటే పదేళ్ళు చిన్నవాడు, ఎవరినీ కష్టపెట్టడం ఇష్టం లేని మనిషి. నేరుగా హోటలుకు తీసుకెళ్ళి చాయ్ చెప్పాడు. మా వైపు టీ అంటే గ్లాసులో పోసి చేతికిస్తారు, తాగి పోతాం. ఇక్కడ కప్పు, సాసరు, పక్కన బిస్కెట్టు, ఆ పైన ముప్పావు గంట కూర్చోబెట్టే మర్యాద. పన్నెండు రూపాయలకు ఇంత తీరిక మా ఖమ్మంలో దొరకదు.

రెండో చాయ్ వచ్చాక రాజన్న జేబులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పరిచాడు. మాక్లూర్ ప్రతినిధి పేరు అప్పటికే టైపు చేసి ఉంది. బోధన్ దగ్గర ఖాళీ ఉంది. ఆ పేరు హైదరాబాద్ నుంచి వస్తుందట. కింద నా సంతకానికి చోటుంది.

"మీరు పెద్దమనుషులు. ఎండల తిరుగుడెందుకు సార్," అన్నాడు. "సంతకం పెట్టుండ్రి. రేపు బాసర పోయి దర్శనం చేసుకొని రాండ్రి. కారు నేనే పంపిస్త."

సిరికొండ వైపు వచ్చిన అధికారి అలాగే చేశాడని కూడా చెప్పాడు. ఆయన రైలు దిగేసరికే ఫారాలు నిండి ఉన్నాయి, మధ్యాహ్నానికల్లా బాసరలో ఉన్నాడు. నాకూ బాసర చూడాలని చాలా కాలంగా కోరిక. కానీ పోస్టాఫీసులో ఉద్యోగం చేసినవాడికి ఒక జబ్బు ఉంటుంది. అందని రిజిస్టరు ఉత్తరానికి అందినట్టు సంతకం పెట్టలేడు. సమావేశాలు జరగనివ్వండి, ఆ తర్వాత ఎన్ని సంతకాలైనా పెడతానన్నాను. రాజన్నకు కోపం రాలేదు. నా మీద జాలిపడ్డట్టు కనిపించింది.

ఆ సాయంత్రం ఖాళీగా ఉండడం ఎందుకని మార్కెట్ యార్డు చూడబోయాను. ఫిబ్రవరి ఆఖరు. ఉడకబెట్టి ఎండబెట్టిన పసుపు కొమ్ములు షెడ్ల నిండా కుప్పలు. గాలి కూడా ఘాటుగా ఉంది. ఒక పక్క మరాఠీలో బేరాలు, ఒక పక్క ఉర్దూలో, మధ్యలో మన తెలుగు. వేల్పూర్ నుంచి వచ్చిన ఒక రైతు పక్కకు జరిగి తన బస్తా మీద నాకు చోటిచ్చాడు. ఏం పని మీద వచ్చారని అడిగితే చెప్పాను. ఆయన చాలా శ్రద్ధగా విన్నాడు. పసుపుకు ఇక్కడ పాట పెడతారు, ఎక్కువ పాడినవాడికి సరుకు.

"మీ కాడ ప్రతినిధికి పాట ఎవరు పాడ్తరు సార్?" అని అడిగాడు.

వెక్కిరింత కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. నేను రహస్య ఓటు గురించి చెప్పాను. ఆయన తలూపి, ఓటు అంటే నాకెరుకే అన్నట్టు నవ్వి, బీడీ వెలిగించుకున్నాడు.

లాడ్జికి తిరిగొచ్చాక చూసుకుంటే నా తెల్లప్యాంటు వెనక భాగం పచ్చగా ఉంది. లాడ్జివాళ్ళ సబ్బుతో గట్టిగా రుద్దాను. పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడుతుందని పెళ్ళయిన మగాడెవడికీ తెలియదనుకుంటాను. పొద్దునకు వెనక భాగం ఎర్రగా తేలింది. రెండో ప్యాంటు బోధన్ కోసం దాచిపెట్టుకున్నాను కాబట్టి ఈ ఎర్రమరక ప్యాంటుతోనే మాక్లూర్ వెళ్ళాను. అక్కడ ఒకాయన నన్ను ముందు నుంచీ వెనక నుంచీ చూసి, సార్ ఏ పార్టీ నుంచి వచ్చిండ్రని నాతో వచ్చిన రాజన్నను నెమ్మదిగా అడగడం నా చెవిన పడింది.

మాక్లూర్: ఆరు నిమిషాలు

రాజన్న మాట్లాడిపెట్టిన కారు డ్రైవరు పేరు సాయిలు. యాభై దాటినవాడు, ఇద్దరు మనవళ్ళున్నారు. సొంత ఊరు మాక్లూరే. దారంతా మక్కజొన్న ధరవరలు చెబుతూ నడిపాడు.

బ్లాకు అధ్యక్షుడి ఇంటి వసారాలో సమావేశం. సభ్యుల జాబితాలో రెండు వందల పేర్లు, కుర్చీల్లో పదకొండు మంది. ఒకాయన లేచి తీర్మానం చదివాడు. ప్రతినిధిని ఎంపిక చేసే అధికారాన్ని రాష్ట్ర అధ్యక్షుల వారికే ఏకగ్రీవంగా అప్పగిస్తున్నాం అని ఒక్క వాక్యం. అందరూ చప్పట్లు కొట్టారు. ఆరు నిమిషాలు పట్టింది. ఆ తర్వాత భోజనం రెండు గంటలు. జొన్నరొట్టె, నాటుకోడి కూర, పచ్చిపులుసు. మా ఖమ్మం జిల్లాలో సమావేశమంటే ముందు కుర్చీలు విసురుకుని తర్వాత భోజనాలకు కూర్చుంటాం. మాక్లూర్ వాళ్ళు మొదటిదాన్ని మానేశారు. ఆ కోడికూర తిన్నాక వాళ్ళను తప్పు పట్టడం నా వల్ల కాలేదు.

అయినా నా జబ్బు ఊరుకోదు కదా. భోజనాల మధ్యలో, నిబంధన ప్రకారం సభ్యుల పేర్లు చదవాలని చెప్పి జాబితా తీశాను. ఎవరూ వినడం లేదు. నలభయ్యో పేరు దగ్గర, సాయిలు, మాక్లూర్, డ్రైవర్ అని చదివాను. వసారా చివర తింటున్న మా సాయిలు చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది.

"గది నేనే గద సార్," అన్నాడు.

తీరా చూస్తే మూడేళ్ళుగా ఆయన మా పార్టీ సభ్యుడు. గ్యాసు కనెక్షన్ కోసం ఎవరికో ఇచ్చిన ఆధార్ కాపీ ఎటు తిరిగి ఎటు వచ్చిందో, రసీదు పుస్తకంలోకి ఎక్కింది. ఆయన ప్రతి ఎన్నికల్లో ఎదుటి పార్టీకి జీపు నడుపుతాడట. సాయిలు కోప్పడలేదు. మూడేండ్ల సంది మెంబర్‌నైతే నాకొక్క మాట చెప్పాలె గద, అన్నాడంతే. అధ్యక్షుడు స్వయంగా లేచి వచ్చి ఆయన పళ్ళెంలో ఇంకో కోడికాలు వేశాడు. సాయిలు అది తిని, చెయ్యి కడుక్కుని, ఏకగ్రీవ తీర్మానం కింద సంతకం పెట్టాడు. ఆ రోజు నుంచి కారులో నాకు ముందు కంటే ఎక్కువ చనువుగా సలహాలు చెప్పసాగాడు.

బోధన్ దారి: చక్కెర లేని చెరకు బెల్టు

మూడో రోజు పొద్దున్నే బోధన్. దారిలో అటుకుల టిఫిను తిన్నాం. పోహా అంటారు, మహారాష్ట్ర నుంచి వచ్చిన అలవాటు. పైన పచ్చి ఉల్లిపాయలు, సన్న కారప్పూస. చెరకు బెల్టు అని చిన్నప్పటి నుంచీ చదువుకున్నాం కదా, రోడ్డుకు రెండు వైపులా చెరకు కోసం వెతికాను. కాలువ నీళ్ళ కింద వరి, వరి, మళ్ళీ వరి. పట్నం దగ్గర పడ్డాక మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం కనిపించింది. దానికి పొగ లేదు. ప్రతి ఎన్నికల్లో ప్రతి పార్టీ దాన్ని తెరిపిస్తుంది, ఎన్నికలయ్యాక మళ్ళీ మూసి ఉంటుంది, అన్నాడు సాయిలు.

బోధన్‌లో ఏకగ్రీవం కుదరలేదు. అందువల్లనే రాజన్న కాగితంలో ఆ చోటు ఖాళీగా ఉంది. ప్రతినిధి తానే కావాలని ఇద్దరు పెద్దలు పట్టుబట్టారు. ఒకరు సుబ్బారావు గారు. వాళ్ళ తాత కాలువ కింద భూములు కొనుక్కుని కోస్తా నుంచి వచ్చాడు. అలా వచ్చినవాళ్ళ ఊళ్ళను ఇక్కడ క్యాంపులంటారు. మూడు తరాలైనా క్యాంపు పేరు పోలేదు. వారింట్లో నాకు ఫిల్టర్ కాఫీ, గోంగూర పచ్చడి, సున్నుండ దొరికాయి. ఆయన తెలుగులో "అండీ" పోలేదు, "జర" వచ్చి చేరింది. నేను ఖమ్మం వాణ్ణని తెలిసి, మన వైపు మనిషి అన్నారు. రెండో ఆయన హన్మాండ్లు, స్థానిక రైతు. ఆయనా నేను తెలంగాణవాణ్ణని గుర్తుచేసుకుని, మన మనిషే సార్ అన్నాడు. తీర్మానం చేసి రాష్ట్ర అధ్యక్షుడికి వదిలేద్దామా అంటే ఇద్దరూ ఒప్పుకోలేదు. అధ్యక్షుడు అవతలివాడి మనిషని ఇద్దరికీ గట్టి అనుమానం. అలా, ఒకరి మీద ఒకరికి నమ్మకం లేక, నిబంధనల పుస్తకంలో రాసిన ఎన్నిక నిజంగా జరిగే పరిస్థితి వచ్చింది.

బీడీ కార్ఖానా

సమావేశం ఎక్కడ పెట్టాలన్నది ఇంకో తగాదా. సుబ్బారావు గారి రైసుమిల్లులో హన్మాండ్లు అడుగుపెట్టడు, హన్మాండ్లు గోదాములో సుబ్బారావు గారు అడుగుపెట్టరు. చివరకు ఇద్దరికీ సంబంధం లేని బీడీ కార్ఖానా దొరికింది. ఆడవాళ్ళు ఇళ్ళ దగ్గర చుట్టిన బీడీలు తెచ్చి అప్పగించే చోటు అది. ఆ రోజు అప్పగింత రోజు కావడంతో ఆడవాళ్ళు చాటలతో వరుసగా కూర్చుని ఉన్నారు. పక్కకు జరగమని చెబుదామనుకునేలోగా వాళ్ళలో చాలామంది కొంగు ముడి విప్పి రసీదులు తీశారు. సభ్యుల సంఖ్య పెంచుకోవడానికి పెద్దలిద్దరూ పోటీపడి వాళ్ళను ఎప్పుడో చేర్పించారట. ఇద్దరూ వరుసను చూసి సంతోషించారు. ఇద్దరూ అవి తమ ఓట్లే అనుకున్నారు.

రసీదులున్నవాళ్ళు నలభై ఏడు మంది లెక్క తేలారు. నేను నిబంధనలు చదివాను. రసీదు ఉన్న ఎవరైనా పోటీ చేయవచ్చన్న వాక్యం అలవాటుగా చదివేశాను.

ముందు వరుసలో ఒకామె చెయ్యెత్తింది. నలభై అయిదేళ్ళుంటాయి, పేరు గంగామణి. ఆ జిల్లాలో గోదావరిని గంగ అంటారు, ప్రతి ఇంట్లో ఒక గంగ పేరు ఉంటుంది.

"ఎవరైనా అంటే, మేము గూడనా సార్?"

మీరూ అన్నాను.

"గట్లయితే నా పేరు రాయుండ్రి."

మగవాళ్ళు నవ్వారు. సుబ్బారావు గారు నన్ను పక్కకు పిలిచి, ఉండనివ్వండి సార్, చీలేది వాళ్ళ ఓట్లేనండి అన్నారు. అయిదు నిమిషాలకు హన్మాండ్లు కూడా అదే మాట వేరే యాసలో చెప్పాడు. అప్పుడు ముగ్గురి పేర్లూ రాసుకున్నాను.

రాష్ట్ర కార్యాలయం నాకు నిబంధనల పుస్తకం ఇచ్చింది కానీ ఓటు చీటీలు ఇవ్వలేదు. అవి అవసరమవుతాయని ఎవరూ అనుకోలేదు. నోటుపుస్తకం కాగితాలు చింపాం. చదవడం రానివాళ్ళు ఉన్నారు కాబట్టి సుబ్బారావు గారికి ఒక గీత, హన్మాండ్లుకు రెండు గీతలు, గంగామణికి సున్నా అని చెప్పాను. పొగాకు డబ్బా ఖాళీ చేసి దాంట్లో వేయించాం. లెక్కపెట్టేటప్పుడు ఒక్కొక్క చీటీ విప్పుతుంటే తుమ్ములు. ఒక గీత పద్నాలుగు. రెండు గీతలు పదమూడు. సున్నాలు ఇరవై.

నేను రెండోసారి లెక్కపెట్టాను. తర్వాత ఇద్దరు పెద్దలూ తలా ఒకసారి లెక్కపెట్టారు. సున్నాలు తగ్గలేదు.

ఆడవాళ్ళు మళ్ళీ చాటలు ముందుకు లాక్కున్నారు. పక్కనున్న ఒకామె మాత్రం నాకు చెప్పింది, గుమస్తా బీడీలు బాగలేవని పక్కన పడేస్తే గంగామణి ఒక్కతే కూర్చుని వాటిని మళ్ళీ ఎంచమంటుందని. ఎన్నిక ధ్రువపత్రం రెండు ప్రతులు రాశాను. గంగామణి తన పేరు నెమ్మదిగా, ఒక్కొక్క అక్షరం గట్టిగా నొక్కి రాసింది. ఒక ప్రతి ఆమెకిచ్చాను. మహాసభలో ఏం మాట్లాడతారమ్మా అని అడిగాను.

"మా ఆయన గా ఫ్యాక్టరీల పన్జేసిండు సార్. తెరుస్తరా తెరువరా అని అడుగుత. తెరువం అని చెప్పినా మంచిదే. మొకం సూసి చెప్పాలె."

బోధన్‌లో ఐక్యత

నాలుగో రోజు పొద్దున లాడ్జి ముందు ఒకే కారు ఆగింది. అందులోంచి సుబ్బారావు గారు, హన్మాండ్లు కలిసి దిగారు. చీటీలు సరైనవి కావు, చోటు సరైనది కాదు, ఎన్నిక చెల్లదు అని ఇద్దరూ కలిసి రాసిన కాగితం ఇచ్చారు. ఒకరి మాట ఒకరు అందుకుంటూ మాట్లాడారు. బోధన్‌లో పార్టీని ఒక్కటి చేసిన ఘనత నాకే దక్కాలి.

వాళ్ళింకా కూర్చునుండగానే రాష్ట్ర కార్యాలయం నుంచి ఫోన్. ఒక మర్యాదస్తుడైన కుర్రగొంతు. బోధన్ ప్రతినిధి పేరు ఖరారైందని, రాసుకోమని ఒక పేరు చెప్పింది. నేను ఎన్నిక జరిగిందన్నాను. అవును సార్ విన్నాం, పొరపాటు జరిగిందట, ఆ ప్రతి వెనక్కి తీసుకుని కొత్త ఫారం రాయండి, అంది. ఆ పేరు ఎవరిదని రాజన్నను ఫోన్లో అడిగాను. హైదరాబాద్‌లో పెద్ద వ్యాపారి అన్నాడు. మరి బోధన్‌కు ఏమవుతాడంటే, బోధన్ అల్లుడు సార్, అన్నాడు.

ఇక్కడ నా ధైర్యం గురించి గొప్పగా రాసుకోవచ్చు. కానీ జరిగింది అది కాదు. నేను కారెక్కి, కాగితం వెనక్కి తీసుకోవడానికే గంగామణి ఇంటికి వెళ్ళాను. పార్టీ చెప్పిన పని కాదనడం నాకు చేతకాదు. దారి పొడుగునా సాయిలు ఒక్క సలహా కూడా చెప్పలేదు.

రెండు గదుల ఇల్లు. గంగామణి గడప దగ్గర కూర్చుని బీడీ ఆకు కత్తిరిస్తోంది. భర్త మంచం మీదనుంచి లేచి నాకు చోటిచ్చి బయటికి వెళ్ళాడు. ఆమె చాయ్ పెట్టి, నేను చెప్పినదంతా మధ్యలో అడ్డుపడకుండా విన్నది.

"ఓట్లు తప్పు లెక్కపెట్టిండ్రా సార్?"

లేదన్నాను.

"మరి నేనేమన్న తప్పు జేసిన్నా?"

లేదమ్మా అన్నాను.

"అయితే గా కాయితం మీద తప్పని మీరే రాయుండ్రి. రాసి సంతకం పెట్టుండ్రి. అప్పుడు ఇస్త."

లోపలికి వెళ్ళి కాగితం తెచ్చి, నా ముందు పరిచి, పెన్ను కూడా ఇచ్చింది. నేను పెన్ను మూత తీశాను. ఆ కాగితం కింద నా సంతకం, దాని పక్కన గట్టిగా నొక్కి రాసిన ఆమె పేరు. సబ్ పోస్టుమాస్టరుగా నేను రాసిన సంజాయిషీలు లెక్కలేనన్ని, ఒక్కటీ గుర్తుకు రాలేదు. పెన్ను మూత పెట్టి చాయ్ తాగేశాను. చల్లారిపోయింది. ఆమె కాగితాన్ని మడిచి తీసుకెళ్ళింది.

కారులో కూర్చున్నాక సాయిలు అద్దంలో నన్ను చూశాడు. తెచ్చిండ్రా అని అడగలేదు. నాటుకోడికి పేరుపడ్డ అంకాపూర్ మీదుగా తిప్పి కోడికూర తినిపించి స్టేషన్‌లో దింపుతానన్నాడు. మాక్లూర్ కూర కంటే బాగుంది. అది చెప్పకపోతే అన్యాయం.

హైదరాబాద్, ఆ తర్వాత

తిరుగు దారిలో రాష్ట్ర కార్యాలయంలో నా నివేదిక ఇచ్చాను. అందులో ఉన్నది ఉన్నట్టు రాశాను, నలభై ఏడు ఓట్లు, ఇరవై సున్నాలతో సహా. అక్కడివాళ్ళు నన్ను తిట్టలేదు. పాపం పెద్దాయన అన్నట్టు కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. ఇక ముందు నాకు పదవులుండవని నాకు తెలుసు.

పది రోజులకు జాబితా వచ్చింది. మాక్లూర్ ప్రతినిధిగా రాజన్న కాగితంలోని పేరే. బోధన్ ప్రతినిధిగా బోధన్ అల్లుడు. కానీ నా నివేదిక, ఆమె దగ్గరున్న కాగితం ఉన్నాయి కదా, వాటినేం చేయాలో తోచక కాబోలు, జాబితా ఆఖరున ప్రత్యేక ఆహ్వానితులు అని ఒక శీర్షిక పెట్టి గంగామణి పేరు చేర్చారు. ఆమెకు రైలు టికెట్టు వస్తుంది, భోజనం కూపన్లు వస్తాయి, కుర్చీ వస్తుంది. ఓటు రాదు.

ఆ సాయంత్రమే ఆమె ఫోన్ చేసింది. సాయిలు నంబరిచ్చాడట. పేరొచ్చిందని ఎవరో చదివి చెప్పారు, కానీ ఆహ్వానితురాలంటే ఏమిటో ఎవరూ సరిగా చెప్పలేకపోయారట. ప్రతినిధికీ దీనికీ ఫరకేంది సార్ అని అడిగింది. ఆమెతో ఒక్క అబద్ధమైనా ఆడకూడదని, తేడా వివరంగా చెప్పాను. తీర్మానాలు పెట్టినప్పుడు ప్రతినిధులు చెయ్యెత్తుతారు, ఆహ్వానితులు ఎత్తకూడదు, అంతే తేడా అన్నాను.

అవతల కత్తెర చప్పుడు వినబడింది.

"ఎత్తిన చేతులు లెక్కపెడ్తరా సార్?"

నేను మూడు మహాసభలు చూశాను, తివాచీలు పరవడానికి వెళ్ళి. గుర్తు తెచ్చుకుని నిజమే చెప్పాను. లెక్కపెట్టరమ్మా, ఎత్తమంటారు, ఎత్తుతారు, ఆమోదించామంటారు.

"అయితే ఇంకేంది," అంది గంగామణి. "నేను గూడ ఎత్తుత. ఎత్తినంక దించ. ఎందుకు దించుతలేవని ఎవరన్న అడుగుతరు గద, అప్పుడు ఫ్యాక్టరీ ముచ్చట అడుగుత."